కప్లింగ్‌కు సమ్మెట దెబ్బలు తప్పాయి, కానీ...

టర్బైన్, జనరేటర్ షాఫ్టులను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ బోల్టు మంచిదో కాదో బిగించిన రోజు తెలియదు. ఏళ్ల తరబడి నిమిషానికి 3000 చుట్లు తిరిగాక, ఓవర్‌హాల్‌కు టర్బైన్ విప్పిన రోజు తెలుస్తుంది. హైడ్రాలిక్ ఎక్స్‌పాన్షన్ బోల్టుల సైజులు, గ్రేడులు, అవి మోసే టార్కు కేటలాగులో ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు వాటిలో నచ్చిన గుణం ఒక్కటే: రమ్మంటే బయటికి వస్తాయి. ఇదేం గొప్ప అనుకునేవాళ్లు రంధ్రంలో బిగుతుగా కూర్చునే పాత ఫిట్ బోల్టులను విప్పి ఉండరు.

రామగుండం చుట్టుపక్కల గానీ, ఇటు భూపాలపల్లి వైపు గానీ ఓవర్‌హాల్ పనులకు తిరిగే ఫిట్టరును ఎవరినైనా అడగండి, ఫిట్ బోల్టు పేరెత్తగానే ముఖం ముడుచుకుంటుంది. ఆ బోల్టుకూ రంధ్రానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వందో వంతో, మహా అయితే రెండు వంతులో. మరీ బిగుతుగా ఉన్నవాటిని ద్రవ నైట్రోజన్‌లో ముంచి వేస్తారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర 60 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు బోల్టు పదో వంతు మిల్లీమీటరుకు పైగా కుంచించుకుపోతుంది కాబట్టి సునాయాసంగా లోపలికి జారుతుంది. వేయడానికి నైట్రోజన్ ఉంది, తీయడానికి ఏముంది? సమ్మెట ఉంది.

ఆ సమ్మెటతోనే అసలు తంటా. బోల్టూ ఉక్కే, అది దూరే షాఫ్టు చివరి పళ్లెం, అంటే ఫ్లాంజీ ఉక్కే. ఎక్కడో చిన్న మిట్ట రాచుకుంటుంది, అక్కడి లోహం లేచి ముద్దకడుతుంది, ఆ ముద్ద ముందుకు దున్నుకుంటూ ఇంకాస్త లోహాన్ని పోగేస్తుంది. ఇక మనం కొట్టే ప్రతి దెబ్బా బోల్టును ఇంకాస్త గట్టిగా ఇరికిస్తుంది. చివరి రెండు మూడు బోల్టుల దగ్గర ఇది మరీ ఎక్కువ. మిగతావన్నీ ఊడాక రోటర్ల (యంత్రంలో తిరిగే భాగాల) బరువు కాస్త అటూ ఇటూ అయినా ఆ భారమంతా మిగిలిన బోల్టుల మీదే అడ్డంగా పడుతుంది. అందుకే ఎదురెదురు జతలుగా విప్పాలి, రోటర్‌కు కింద ఆధారం సరిచూసుకోవాలి. ఇంత చేసినా ఒకటో రెండో మొండికేసేవి.

పట్టేసిన బోల్టుకు మందు డ్రిల్లే. మ్యాగ్నెటిక్ డ్రిల్ నిలబెట్టి, నడిమధ్య నుంచి తొలిచి, గోడ పలచబడ్డాక మిగిలిన గొట్టాన్ని లోపలికి కుదించి తీయాలి. డ్రిల్లు వెంట్రుకవాసి పక్కకు పోతే రంధ్రం పాడు. అప్పుడు రంధ్రాన్ని హోనింగ్ చేసి, అంటే రాళ్లతో నున్నగా అరగదీసి, పెద్దది చేయాలి, దానికి సరిపోయే బోల్టును లేత్ మీద కొత్తగా తీయించాలి. అది ఎదుటి బోల్టు బరువుకు సరితూగాలి, లేకపోతే వైబ్రేషన్. ఒకసారి ఇలాంటి బోల్టు కోసం వరంగల్ ఆటోనగర్‌లో ఒక టర్నర్ దగ్గర తెల్లవార్లూ కూర్చున్నాను. ఆయన మైక్రోమీటరు పెట్టి చూడడం, నేను ఆయన ముఖం చూడడం. అటు ప్లాంటులో షెడ్యూలు ఒక్క బోల్టు దగ్గర ఆగిపోయింది.

ఈ నేపథ్యంలో ఎక్స్‌పాన్షన్ బోల్టులు వచ్చాయి. ఏటవాలు బోల్టు, దాని మీద లోపలి వైపు అదే వాలున్న స్లీవు, అంటే తొడుగు. వేసేటప్పుడు స్లీవు రంధ్రంలోకి చేత్తోనే పోతుంది. తర్వాత హైడ్రాలిక్ హెడ్‌తో బోల్టును లాగితే స్లీవు వ్యాకోచించి రంధ్రం గోడకు అతుక్కుంటుంది. విప్పేటప్పుడు బోల్టు చివర ఉన్న సన్నని రంధ్రం ద్వారా నూనె ఎక్కిస్తాం. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో ఆ నూనె బోల్టుకూ స్లీవుకూ మధ్య పొరలా చేరుతుంది, రెండూ విడిపోతాయి. ఠప్పుమని ఒక శబ్దం, గోలీసోడా కొట్టినట్టు. స్లీవు మళ్లీ సన్నబడి చేతిలోకి వచ్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా బృందంలో పెద్దాయన ఒకరు సమ్మెటను తీసుకెళ్లి టూల్ బాక్సులో పెట్టి మూత వేశారు. ఇక ఇవి పట్టేయవని ఆ రోజుల్లో నేను కనబడినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. ఇప్పటికీ చెబుతాను, నూనె సరైనదైతే అని ముందు ఒక మాట చేరుస్తాను.

ఆ మాట చేరడానికి కారణం గత ఓవర్‌హాల్. ప్లాంటు పేరు అనవసరం. లో ప్రెషర్ రోటర్‌కూ జనరేటర్‌కూ మధ్య కప్లింగ్. సగానికి పైగా బోల్టులు చక్కగా వచ్చాయి. ఒకటి మాత్రం కదలలేదు. పంపు కొడుతుంటే గేజి ముల్లు పైకి పోతోంది, చెయ్యి ఆపగానే దిగిపోతోంది. స్లీవు అంచున నూనె సన్నగా చెమర్చి, బొట్టుగా మారి, ఫ్లాంజి మీదుగా జారుతోంది. వచ్చిన బోల్టులకూ అదే పంపు, అదే నూనె కాబట్టి తప్పు బోల్టుదేనని అందరూ తేల్చేశారు. సూపర్‌వైజర్ గ్యాస్ టార్చ్ తెమ్మన్నారు. లోపల అంత ఒత్తిడితో నూనె ఉండగా మంట పెట్టడం ఏమిటని ఆ పెద్దాయనే అడ్డుపడ్డారు. "ఆగండి సార్, ముందు ఆ పంపులో ఏం పోశారో చూద్దాం" అన్నారు.

పోసింది టర్బైన్ ఆయిల్. హాల్లో డ్రమ్ములకు డ్రమ్ములు అదే ఉంటుంది మరి, రాత్రి షిఫ్టులో పంపు ఖాళీ అయితే ఎవరో నింపేశారు. బేరింగులకు అది అమృతమే, ఈ పనికి మాత్రం మరీ పలచన. ఇలాంటి విప్పదీత పనులకు అమ్మే ప్రత్యేకమైన నూనె 20 డిగ్రీల దగ్గర 900 సెంటీస్టోక్సుల చిక్కదనంతో ఉంటుంది. టర్బైన్ ఆయిలు 40 డిగ్రీల దగ్గర 32 లేదా 46. మా దగ్గర హాల్లో వేడికి అది ఇంకా నీళ్లవుతుంది. వాలు నున్నగా ఉన్న బోల్టులు ఆ నూనెతోనే ఎలాగో వచ్చేశాయి, దీని దగ్గర మాత్రం ఎక్కించిన నూనె ఎక్కించినట్టే కారిపోతోంది.

స్టోర్స్‌లో అసలు నూనె డబ్బా లేదు. ఇండెంట్ పెడితే ఎప్పటికొస్తుందో ఎవరూ చెప్పలేరు. బొగ్గు మిల్లుల గేరుబాక్సులో పోసే 320 గ్రేడు గేర్ ఆయిల్ గుర్తొచ్చింది. అది 40 డిగ్రీల దగ్గర 320, అంటే చల్లబడితే ఆ ప్రత్యేక నూనెకు దగ్గరగానే నిలుస్తుంది. తయారీదారు దీనికి ఒప్పుకోకపోవచ్చు, నేనూ ఎవరికీ సిఫారసు చేయను. సీల్ వేయని డబ్బాలోది ముట్టుకోకుండా కొత్త డబ్బా తెప్పించి, పంపును పూర్తిగా కడిగి, అది పోశాం. ఈసారి ముల్లు ఎక్కిన చోట నిలబడింది. బోల్టు మాత్రం ఉలకలేదు. నట్టును కొన్ని మరలు వెనక్కి తిప్పి వదిలేశాం, బోల్టు ఎగిరితే అదే పట్టుకుంటుంది. దాని ఎదురుగా ఎవరూ నిలబడకుండా తాడు కట్టి, మధ్యమధ్య ఒత్తిడి నింపుతూ ఎదురుచూశాం. టీ తాగడానికి పక్కకు వెళ్లామో లేదో వెనక ఠప్పుమంది.

తీసి చూస్తే వాలు మీద పొడవునా ఒక సన్నని గీత. గోరు పెడితే తెలుస్తుంది, కంటికి సరిగ్గా కనబడదు. నూనె ఆ దారినే పారిపోయింది. పాత ఓవర్‌హాల్‌లో బోల్టులను తుడవకుండానే స్లీవుల్లోకి ఎక్కించి ఉంటారని నా అనుమానం. ఆయిల్ స్టోన్‌తో అంచులు సరిచేసి, తగిలిన చోట మరక అంటే బ్లూ రంగు పూసి వాలు ఎంత తగులుతోందో చూసి తిరిగి వేశాం.

ఇంకో రెండు ముక్కలు. ఈ బోల్టులున్నాయి కదా అని మరలు పట్టేయకుండా పూసే మాలీ (మాలిబ్డినం) పేస్టును మూలన పడేయకండి, నట్టు మరలకు అది ఇప్పటికీ కావాలి. ఫ్లాంజి ముఖాలకు మాత్రం అంటకూడదు, అక్కడ రాపిడి కూడా భారం మోస్తుంది. నూనె ఎక్కించే రంధ్రానికి ఉండే చిన్న ప్లగ్గు పోతే తుప్పు చేరి, విప్పే రోజు ఇంజెక్టర్ ఎక్కదు. ప్లగ్గు ధర ఎంతో నాకు తెలియదు గానీ, బోల్టు ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ధర సంగతికొస్తే, జేబులోంచి పెట్టేది నేను కాదు, కాబట్టి నా మెచ్చుకోలుకు అంత విలువ ఇవ్వకండి. 500, 600 మెగావాట్ల యూనిట్‌లో ఓవర్‌హాల్ ఒక్కరోజు ఆలస్యమైతే జరిగే నష్టం ముందు ఈ ఖర్చు నిలవదని మాత్రం చెప్పగలను. చిన్న యంత్రాలకు, పదేళ్లకోసారి విప్పే కప్లింగ్‌లకు, శుభ్రంగా కొలిచి పేస్టు పూసి వేసిన ఫిట్ బోల్టు సరిపోవచ్చు. పేస్టు వేస్తే మరల్లో రాపిడి తగ్గి పాత టార్కుకే బోల్టు ఎక్కువ సాగుతుంది, అందుకని సాగుదలను మైక్రోమీటరుతో కొలిచి బిగించే ఓపిక ఉండాలి. ఎక్స్‌పాన్షన్ బోల్టులు కొనేవాళ్లు పంపు, ఒక సీల్ కిట్, చిక్కని నూనె డబ్బా కూడా అదే ఆర్డరులో చేర్చాలి. మాకు ఉన్నది ఒక్కటే పంపు. దాని సీలు పోయిన రోజు బృందమంతా చేతులు కట్టుకుని కూర్చుంది.

గీత పడిన బోల్టుకు కొత్త జత కావాలని రాసిచ్చాను. స్టోర్స్ వాళ్లు పార్ట్ నంబరు సరిపోలడం లేదని కాగితం తిప్పి పంపారు.