గపాదో దీవికి ఒకరోజు ప్యాకేజీ కొనబోతున్నవారికి హెచ్చరిక

దక్షిణ కొరియాలోని జెజు ద్వీపానికి దిగువన గపాదో అనే చిన్న దీవి ఉంది. దాన్ని ఒక్క రోజులో చూపిస్తామంటూ ఇంగ్లీషులో ప్రకటనలిచ్చి, మన దేశం నుంచి వచ్చే కుటుంబాలకు అమ్ముతున్న ప్యాకేజీ ఒకటి ఈ జూన్‌లో మేము కొన్నాము. చెల్లించిన సొమ్ములో కొంత ఇంకా మాకు రావలసి ఉంది, వ్యవహారం తేలలేదు కనుక ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. నిజానికి పేరు కన్నా ఆ ప్యాకేజీని ఎలా అల్లారో తెలియడమే కొనేవారికి ముఖ్యం, ఎందుకంటే అవే మాటలు, అవే ఫొటోలతో మరికొందరు కూడా అమ్ముతుండడం తరవాత నా కంటపడింది. కుదిరితే ఈ దీవికి ప్యాకేజీ లేకుండా మీ అంతట మీరే వెళ్లండి. ప్యాకేజీయే కావాలనుకుంటే, కింద చెప్పిన విషయాలకు రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఒక్క వోన్ (కొరియా నాణెం) కూడా కట్టకండి.

నేను కొరియాలో ఉద్యోగం చేస్తున్నాను. విజయవాడ నుంచి అమ్మానాన్నలు చూడడానికి వచ్చినప్పుడు, కృష్ణా డెల్టాలో జీవితమంతా వరి, మినుము పండించిన నాన్నగారికి సముద్రం మధ్యలో ఉన్న బార్లీ చేలు చూపించాలని నాకు కోరికగా ఉండేది. ప్రకటనలో ఉన్నది సరిగ్గా అదే. గాలికి అలల్లా ఊగే పచ్చని బార్లీ, దాని వెనక నీలి సముద్రం, ఆపైన జెజు ద్వీపంలోని హల్లాసన్ పర్వత శిఖరం. 'పచ్చని బార్లీ దీవిలో ప్రశాంతంగా రోజంతా' అని రాశారు. జెజు నగరంలోని హోటల్ నుంచి తీసుకువెళ్లి తిరిగి దింపడానికి, ఓడ టికెట్టుకు, మధ్యాహ్న భోజనానికి కలిపి ఒక్కొక్కరికి 1,30,000 వోన్‌లు తీసుకున్నారు.

దీవి గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే తప్పు దీవిది కాదు. గపాదో విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. అందులో అత్యంత ఎత్తైన చోటు సముద్రమట్టానికి 20.5 మీటర్లు మాత్రమే కాబట్టి ఎక్కడ నిలబడ్డా నలువైపులా సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. నల్లరాతి గోడల మధ్య చేలు, రాక్షసగుళ్లు అనే పాతకాలపు బండరాతి సమాధులు, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలూ నాచూ ఏరుకొచ్చే హెన్యో స్త్రీల ఇళ్లు ఉంటాయి. ఈ స్త్రీల వృత్తి సంప్రదాయాన్ని యునెస్కో 2016లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చుట్టూ ఉన్న దారి నాలుగు కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. సందర్శకుల కార్లు ఉండవు, నడవాలి లేదా రేవు దగ్గర సైకిలు అద్దెకు తీసుకోవాలి. ఇంత చక్కని చోటును ఇంత నిర్లక్ష్యంగా అమ్మడం నాకు చాలా బాధ కలిగించింది.

మొదటి మోసం కాలానికి సంబంధించినది. గపాదోలో బార్లీ పచ్చగా ఉండేది మార్చి నుంచి మే మొదటి రోజుల వరకే, అందుకే అక్కడి పచ్చ బార్లీ ఉత్సవం ఏప్రిల్, మే నెలల ప్రాంతంలో జరుగుతుంది. మే నడిమికి వెన్నులు పండి పసుపు రంగుకు తిరుగుతాయి, జూన్ వచ్చేసరికి కోతలు జరిగిపోతాయి. మాకు జూన్ తేదీకి అమ్ముతూ ఏప్రిల్ నాటి ఫొటో చూపించారు. ఆ తేదీకి చేలు ఎలా ఉంటాయని నేను కొనేముందు మెయిల్‌లో అడిగితే, 'ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది' అని జవాబు ఇచ్చారు. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. దీవిలో దిగగానే నాన్నగారు ఒక్క చూపులో గ్రహించి, "కోసేసిన మడిని చూపించడానికా అమ్మా ఇంత దూరం తీసుకొచ్చారు?" అన్నారు. ఎక్కడ చూసినా మోళ్లే.

రెండవది సమయం. జెజులోని ఉన్‌జిన్ రేవు నుంచి గపాదోకు ఓడ ప్రయాణం పది, పదిహేను నిమిషాలు. రానూపోనూ కలిపి ఇచ్చే ఆ టికెట్టులో తిరుగు ఓడ సమయం కూడా ముందే నిర్ణయమై ఉంటుంది, సాధారణంగా దీవిలో గడపడానికి దాదాపు రెండు గంటలు మిగులుతాయి. రద్దీ రోజుల్లో ఒక ఓడకు బదులు మరో ఓడ ఎక్కుతామంటే కుదరదు. ఇది ఓడ సంస్థ దాచిపెట్టే విషయం కాదు, టికెట్టు మీదే ముద్రించి ఉంటుంది. దాచిపెట్టింది ఏజెన్సీ. రెండు గంటలంటే చురుగ్గా నడిచేవారికి దీవి చుట్టి రావడానికి సరిపోతుంది కానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో, మధ్యలో భోజనం కూడా పెట్టుకుంటే సగం దీవి కూడా చూడలేము. చెట్ల నీడ దాదాపు లేని దీవి అది, ఎండలో తొందరపెట్టి నడిపించడం కూడా మంచిది కాదు. ఇక 'రోజంతా' అన్న మాటలో మిగిలిన గంటలు ఎక్కడికి పోయాయంటే, కమలాపండు చాక్లెట్లు, జిన్సెంగ్ పొడులు అమ్మే దుకాణాలకు. ప్రకటనలో ఎక్కడా లేని ఆ దుకాణాల్లో గైడు మమ్మల్ని గంటల తరబడి కూర్చోబెట్టాడు, ఏమీ కొనకుండా లేచినప్పుడు అతని ముఖం మారడం అందరం చూశాము.

మూడవది మా బృందంలోని మరో కుటుంబానికి జరిగింది. 2014 ఏప్రిల్ 16న ఇంచియోన్ నుంచి జెజుకు వస్తున్న సెవోల్ ఓడ మునిగి 304 మంది మరణించిన తరవాత కొరియాలో ఓడ ప్రయాణికుల గుర్తింపు తనిఖీ చాలా కఠినమైంది. ఎంత చిన్న దీవికైనా, ఎంత తక్కువ దూరమైనా, విదేశీయులు పాస్‌పోర్టు గానీ కొరియా నివాస కార్డు గానీ చూపించాలి, పేరూ పుట్టినతేదీ రాసిన పత్రం ఇవ్వాలి. ఏజెన్సీ పంపిన సూచనల్లో టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోమని ఉంది కానీ పాస్‌పోర్టు మాట లేదు. పాస్‌పోర్టులు హోటల్ లాకరులో భద్రంగా పెట్టి వచ్చిన ఆ దంపతులు, ఇద్దరు పిల్లలతో రేవులోనే ఉండిపోయారు. వారికి పైసా తిరిగి రాలేదు.

అన్నిటికన్నా ముందు జరిగినదీ, డబ్బు విషయంలో అత్యంత ముఖ్యమైనదీ ఓడ రద్దు. మేము మొదట వెళ్లవలసిన రోజు సముద్రం మీద గాలి, అలల హెచ్చరిక వెలువడింది. సముద్రంపై గాలి సెకనుకు 14 మీటర్లకు పైగా మూడు గంటలకు మించి వీస్తుందని గానీ, అలలు మూడు మీటర్లు దాటుతాయని గానీ అంచనా ఉంటే కొరియా వాతావరణ శాఖ ఈ హెచ్చరిక ఇస్తుంది, అప్పుడు ఇలాంటి చిన్న ఓడలు నడవవు. దట్టమైన పొగమంచుకు కూడా ఆపేస్తారు. ప్రాణాల విషయం కనుక ఆ నిర్ణయాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను. అయితే ఏజెన్సీ వారు, 'ఓడ టికెట్టు డబ్బు వెనక్కి రాదు, కాబట్టి మేమూ ఇవ్వలేము, కావాలంటే వేరే తేదీకి రండి' అన్నారు. సెలవు పొడిగించుకుని వెళ్లిన రెండవ తేదీన రేవు కౌంటరులో నేనే అడిగాను. వాతావరణం వల్ల ఓడ రద్దయితే టికెట్టు కొన్నవారికి పూర్తి సొమ్ము వాపసు ఇస్తామని కౌంటరులో స్పష్టంగా చెప్పారు. రానూపోనూ టికెట్టు ధర ఇరవై వేల వోన్‌ల లోపేనని కూడా అక్కడే చూశాను.

ఫిర్యాదు చేయదలచినవారికి దారి ఉంది. కొరియా పర్యాటక సంస్థ నడిపే 1330 నంబరుకు ఇంగ్లీషులో మాట్లాడవచ్చు, పర్యాటకుల ఫిర్యాదులు వారు తీసుకుంటారు. వినియోగదారుల సలహా కేంద్రం నంబరు 1372, దీనికి కొరియన్ బాగా వచ్చినవారు పక్కన ఉంటే మేలు, నాకు ఆఫీసులోని ఒక సహోద్యోగి సాయపడ్డారు. ప్రకటన స్క్రీన్‌షాట్లు, మెయిళ్లు, రద్దయిన రోజు వాతావరణ హెచ్చరిక, చెల్లింపు రసీదు అన్నీ జతచేసి పంపాక ఏజెన్సీ కొంత సొమ్ము తిరిగి ఇచ్చింది. మిగిలినదాని కోసం అడుగుతూనే ఉన్నాను. ఇంకో మాట: కొరియాలో ట్రావెల్ ఏజెన్సీ నడపాలంటే పర్యాటక చట్టం కింద నమోదై ఉండాలి, పూచీ బీమా కూడా ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడం కొనేవారి హక్కు. నేను ఎన్ని మెయిళ్లు పంపినా మాకు అమ్మినవారు ఆ సంఖ్య ఇవ్వలేదు.

సొంతంగా వెళ్లదలిస్తే పని కష్టమేమీ కాదు. జెజు నగరం నుంచి ఉన్‌జిన్ రేవుకు బస్సు ఉంది, గంటకు పైగా పడుతుంది. కొరియాలో గూగుల్ మ్యాప్స్ నడక దారులు, కారు దారులు సరిగా చూపదు కాబట్టి నేవర్ మ్యాప్ గానీ కాకావో మ్యాప్ గానీ ఫోనులో పెట్టుకోండి. ఉదయం హోటల్ నుంచి బయలుదేరేముందే ఓడలు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి. గపాదోను యాత్ర చివరి రోజుకు పెట్టుకోకుండా మొదటి రోజుల్లోనే పెట్టుకుంటే, రద్దయినా మరో రోజు చేతిలో ఉంటుంది. జెజులో వానాకాలం సగటున జూన్ 19 ప్రాంతంలో మొదలవుతుంది, ఆ తరవాతి వారాలకు ముందస్తుగా డబ్బు కట్టడం అసలే వద్దు. శాకాహారులు భోజనం కట్టుకుని వెళ్లడం మంచిది. అక్కడి నూడుల్స్‌లో పైకి కూరగాయలే కనిపించినా పులుసు చేపలతోనో నత్తలతోనో కాచినదై ఉంటుంది, మా ప్యాకేజీలోని 'శాకాహార భోజనం' కూడా అదే కావడంతో అమ్మ ఆ పూట అరటిపండ్లతో గడిపింది.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీకి డబ్బు కట్టి, ప్రయాణం ఇంకా ముందున్నవారు ఈ రోజే మెయిల్ పంపి నాలుగు విషయాలు అడగండి: తిరుగు ఓడ ఎన్ని గంటలకు, ఓడ రద్దయితే ఎంత సొమ్ము ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, దారిలో ఏయే దుకాణాల దగ్గర ఆపుతారు, ఏజెన్సీ నమోదు సంఖ్య ఎంత. ఫోనులో చెబుతామంటే ఒప్పుకోకండి. జవాబు రాకపోతే ప్రయాణ తేదీ దాకా ఆగకుండా వెంటనే రద్దు కోరుతూ రాసి, ఆ మెయిల్ ప్రతితో 1330కి ఫోను చేయండి.