గోస్‌పోర్ట్ సబ్‌మెరైన్ మ్యూజియం: ముందు హాలండ్ 1 చూడండి

ఇంగ్లండ్‌లో ఉండే మన వాళ్లు పోర్ట్స్‌మౌత్ వెళ్తే, హార్బర్ అవతల ఒడ్డున ఉన్న ఈ మ్యూజియం వదులుకోకండి. ఎక్కువమంది అలయన్స్ అనే పెద్ద సబ్‌మెరైన్ కోసమే వస్తారు. మా ఆయన, బాబు కూడా అటే నడిచారు. నేను మాత్రం హాలండ్ 1 దగ్గరే గంటసేపు ఉండిపోయాను.

బ్రిటిష్ నేవీకి ఇదే మొట్టమొదటి సబ్‌మెరైన్. 1901లో ఇంగ్లండ్‌లోని బారో అనే ఊళ్లో నీళ్లలోకి దించారు. పొడవు 20 మీటర్లు కూడా లేదు, వైజాగ్ ఆర్కే బీచ్‌లో 91 మీటర్ల కురుసుర చూసిన కళ్లకి ఇది మరీ చిన్నగా ఆనుతుంది. లోపలికి అడుగుపెడితే అంతా ఒకటే గది. మంచాల్లేవు, టాయిలెట్ లేదు. ఎనిమిది మంది మనుషులు, పెట్రోల్ ఇంజిన్, బ్యాటరీలు, టార్పెడో, అన్నీ అందులోనే. పెట్రోల్ ఆవిరి పేరుకుంటే ముందే తెలియాలని బోనులో తెల్ల చిట్టెలుకల్ని పెట్టుకుని వెళ్లేవారు. 1903లో ఆ ఆవిరే అంటుకుని నలుగురు గాయపడ్డారు. పెరిస్కోప్ అయితే ఇంకా ఘోరం, ముందుకి చూస్తే దృశ్యం నిటారుగా, పక్కకి తిప్పితే ఒరిగిపోయి, వెనక్కి తిప్పితే తలకిందులుగా కనిపించేది. దాన్ని నమ్ముకునే 1904 అక్టోబరులో, రష్యా నౌకలు బ్రిటిష్ చేపల పడవల్ని కాల్చాయని తెలిసి, ఆ రష్యా నౌకల మీద దాడికి బయల్దేరారు. దాడి జరగకముందే వెనక్కి పిలిచారు కానీ, బయల్దేరినవాళ్ల గుండె ధైర్యం తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరించింది.

1913లో తుక్కు కింద 410 పౌండ్లకి అమ్మేస్తే, లాక్కెళ్తుండగా ఎడిస్టోన్ లైట్‌హౌస్ దగ్గర మునిగిపోయింది. 1981లో దొరికింది, మరుసటి ఏడాది పైకి తీశారు. దాదాపు 70 ఏళ్లు సముద్రంలో ఉన్న బ్యాటరీని కడిగి చార్జ్ చేస్తే పనిచేసింది! ఇనుముకే తిప్పలొచ్చాయి. ఉప్పు లోపలికి దిగి, ప్రదర్శనకి పెట్టాక కూడా తుప్పు ఆగలేదు, చివరికి మొత్తం పడవని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ఏళ్ల తరబడి నానబెట్టారు. ఇప్పుడు తేమ చేరని హాల్లో ఉంచారు. ఇంత ఓపికగా కాపాడుకున్నందుకు వాళ్లకి దండం పెట్టాలి.

పోర్ట్స్‌మౌత్ హార్బర్ స్టేషన్‌లో దిగితే పక్కనే గోస్‌పోర్ట్ ఫెర్రీ, కొన్ని నిమిషాల ప్రయాణం. అలయన్స్ రెండోది పెట్టుకోండి. హాలండ్ చూసి అందులోకి వెళ్తే, ఆ ఇరుకు మంచాలు, చిన్న వంటగది కూడా ఎంత సుఖమో అర్థమవుతుంది.