మినాక్సిడిల్ 5 శాతం: ఏళ్ల తరబడి వాడాక

బట్టతలకు నెత్తి మీద రాసుకునే మందు మినాక్సిడిల్ పనిచేస్తుంది, కానీ చర్మానికి తగిలితేనే. ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి అన్నిటికన్నా ముందు ఈ మాటే చెబుతాను. వాడినా లాభం లేదని సీసా పక్కన పెట్టేసేవాళ్లలో ఎక్కువగా రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. కొందరు మందును వెంట్రుకలకు పట్టిస్తారు, చర్మం దాకా వెళ్లనివ్వరు. ఇంకొందరు రెండో నెలలో జుట్టు ఇంకా ఎక్కువగా రాలుతోందని బెంబేలెత్తి ఆపేస్తారు. వీళ్లు కాక, సరిగ్గా వాడినా ఫలితం రానివాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల విషయం వేరు.

ఇది మొదట రక్తపోటుకు మింగే మాత్ర. వేసుకున్నవాళ్లకు మొహం మీద, చేతుల మీద వెంట్రుకలు ఒత్తుగా రావడం గమనించి, నెత్తికి రాసుకునే ద్రావణంగా తయారుచేశారు. అమెరికాలో 2 శాతం ద్రావణానికి 1988లో, నురగలా వచ్చే 5 శాతం ఫోమ్‌కు 2006లో అనుమతి వచ్చింది. రాసిన మందు ఉన్నదున్నట్టుగా పనిచేయదు. వెంట్రుక కుదురులో సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది ఈ మందును మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మార్చాలి. ఆ ఎంజైము అందరిలో ఒకే మోతాదులో ఉండదు. సరిగ్గా రాసినా కొందరికి ఫలితం రాకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అలాంటివాళ్లు సీసాలు మార్చుకుంటూ పోవడంలో అర్థం లేదు, బ్రాండ్ ఏదైనా లోపలి మందు ఒకటే.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. వంశపారంపర్య బట్టతలలో కుదుళ్లను సన్నబరిచేది డీహెచ్‌టీ అనే హార్మోన్. మినాక్సిడిల్ దాని జోలికి పోదు. వెంట్రుక పెరిగే దశను పొడిగిస్తుంది, నూగులా మారిన వెంట్రుకను కొంత లావు చేస్తుంది, అంతే. వెనకాల కుదుళ్లు సన్నబడుతూనే ఉంటాయి. అందుకే మొదటి ఏడాది నాటికి రావాల్సిందంతా వచ్చేసి, ఆ తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఒత్తు మెల్లగా తగ్గుతుంది. మందు శక్తి తగ్గిపోయిందని, శరీరం అలవాటు పడిపోయిందని అనుకోవడం పొరపాటు. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టెరైడ్ లాంటి మాత్ర తోడుంటే మగవాళ్లలో ఈ తగ్గుదల బాగా నెమ్మదిస్తుంది. అది వాడాలా వద్దా అన్నది మాత్రం డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఇక రాసే పద్ధతి. తేడా అంతా ఇక్కడే వస్తుంది. తల పూర్తిగా ఆరి ఉండాలి, నూనె, జెల్ ఏదీ ఉండకూడదు. సన్న తోక ఉన్న దువ్వెనతో జుట్టు పల్చబడిన చోట పాపిట తీయాలి, తెల్లగా చర్మం గీతలా కనిపించాలి. డ్రాపర్‌లో 1 మి.లీ. గీత వరకు మందు పీల్చి, మొనను చర్మానికి ఆనీ ఆనకుండా పట్టుకుని, పాపిట పొడవునా కొద్ది చుక్కలు వదలాలి. అవి జారిపోకముందే వేలి కొసతో అద్దాలి. గట్టిగా రుద్దితే మందు చర్మం మీద కన్నా వేలికి, వెంట్రుకలకు ఎక్కువ అంటుతుంది. తర్వాత అర అంగుళం పక్కన ఇంకో పాపిట, మళ్లీ చుక్కలు. 1 మి.లీ.ని ఇలా ఐదారు పాపిటలకు సర్దుకోవచ్చు. చూడ్డానికి ఏమాత్రం సరిపోదనిపిస్తుంది కానీ సరిపోతుంది. నెత్తంతా తడవాలని రెండు మూడు మి.లీ. పోసుకుంటే ఫలితం పెరగదు, దురద, గుండెదడ పెరుగుతాయి.

జుట్టు పొడుగ్గా, ఒత్తుగా ఉంటే పాపిట తీయడానికి ఓపిక కావాలి. స్ప్రే పంపుతో ఆ శ్రమ తప్పుతుందనుకుంటారు, అది ఒట్టిమాట. స్ప్రే కొడితే మందులో ఎక్కువ భాగం వెంట్రుకల మీదే ఆగిపోతుంది. పంపు తప్ప ఇంకేమీ రాని సీసా అయితే ఎన్ని నొక్కులకు 1 మి.లీ. అవుతుందో పెట్టె మీద చూసుకుని, చిన్న గిన్నెలోకి కొట్టి, విడిగా దొరికే డ్రాపర్‌తో రాసుకోవడం మేలు.

నుదుటి అంచున రాసేటప్పుడు తల కాస్త వెనక్కి వాల్చాలి. చుక్క కణతల మీదికి జారితే వెంటనే గుడ్డతో తుడిచేయాలి. ఇది పట్టించుకోకపోతే కొన్ని నెలలకు కనుబొమల పైన, చెంపల పక్కన సన్నటి వెంట్రుకలు మొలుస్తాయి. ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మందు ఆపితే కొన్ని నెలల్లో అవి పోతాయి. రాయడం అవగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రాసిన తర్వాత 4 గంటల దాకా తల కడగకూడదు. చర్మంలోకి ఇంకాల్సిన దాంట్లో ఎక్కువ భాగం ఆ సమయంలోనే ఇంకుతుంది. రాత్రి మోతాదు పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందే రాసేయాలి. ఆరకముందే పడుకుంటే మందు దిండుకు, దిండు నుంచి మొహానికి చేరుతుంది. మగవాళ్లకు 5 శాతం ద్రావణం రోజుకు రెండుసార్లు, ఆడవాళ్లకు సాధారణంగా 5 శాతం ఫోమ్ రోజుకు ఒక్కసారి లేదా 2 శాతం ద్రావణం రెండుసార్లు. ఒక పూట మరిచిపోతే వదిలేయాలి, తర్వాతి పూట రెండింతలు రాయకూడదు. పొద్దున తీరిక లేనివాళ్లు రెండు పూటలూ అరకొరగా రాసుకునే కన్నా, ఒక పూటైనా పాపిటలు తీసి శ్రద్ధగా రాసుకోవడం నయమని నా అభిప్రాయం.

రోజుకు 2 మి.లీ. చొప్పున 60 మి.లీ. సీసా నెల రోజులు వస్తుంది. రెండు వారాలకే ఖాళీ అయినా, రెండు నెలలు వచ్చినా కొలతలో ఎక్కడో తేడా ఉన్నట్టే. మూత గట్టిగా బిగించాలి. లోపల ఆల్కహాల్ ఉంది, అది ఆవిరైతే మందు తెల్లటి పలుకులుగా గడ్డకట్టి సీసా మెడ దగ్గర, డ్రాపర్ మొన దగ్గర పేరుకుంటుంది. మొన పూడుకుపోతే చుక్క సరిగ్గా రాదు, కొలత తప్పుతుంది. వారానికోసారి మొనను శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలు.

ద్రావణానికి, ఫోమ్‌కు అసలు తేడా ప్రొపిలీన్ గ్లైకాల్‌లో ఉంది. మందు కరిగి ఉండటానికి దాన్ని ద్రావణంలో కలుపుతారు. నెత్తి జిడ్డుగా అనిపించేది, ఆలస్యంగా ఆరేది దానివల్లే. దురదకు కూడా చాలాసార్లు కారణం అదే. ఫోమ్‌లో అది లేదు, తొందరగా ఆరిపోతుంది. ఫోమ్‌తో ఇబ్బంది ఏమిటంటే వేళ్ల వేడికి వెంటనే కరిగి నీరైపోతుంది. చేతులు చల్లటి నీళ్లతో కడిగి, తుడుచుకుని, అర మూతెడు ఫోమ్ తీసుకుని కొద్దికొద్దిగా పాపిటల్లో అద్దుకోవాలి. డబ్బాలో మండే వాయువు ఉంటుంది, మంట దగ్గర పెట్టొద్దు. కచ్చితమైన కొలత కావాలంటే ద్రావణం, నెత్తి సున్నితమైతే ఫోమ్. నాకు ద్రావణమే నచ్చింది, డ్రాపర్‌తో కావలసిన చోటే మందు పడుతుంది కాబట్టి.

నెత్తి మీద తెల్లటి పొట్టు కనిపిస్తే మూడు కారణాలు ఉండొచ్చు, మూడింటికీ చేయాల్సింది వేర్వేరు. రాసిన పాపిటల వెంట మాత్రమే పొడిలా ఉండి, తడి వేలు పెడితే కరిగిపోతే అది ఎండిన మందు. తలస్నానంతో పోతుంది. రాయని చోట కూడా జిడ్డు పొరలు రాలుతుంటే చుండ్రు. 2 శాతం కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు నురగ పట్టించి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడిగితే చాలావరకు అదుపులోకి వస్తుంది. నెత్తి ఎర్రబడి, నీరు కారి, దురద నుదుటి దాకా, చెవుల వెనక్కి పాకితే అది అలర్జీ. మందు ఆపి చర్మవైద్యుడికి చూపించాలి. అలర్జీ ప్రొపిలీన్ గ్లైకాల్‌కైతే ఫోమ్‌కు మారవచ్చు, మినాక్సిడిల్‌కే అయితే ఫోమ్ కూడా పనికిరాదు. చర్మం మీద కొద్దిగా అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తే ఏదన్నది తేలుతుంది.

ఇప్పుడు ఆ భయపెట్టే రాలుడు. మందు మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో దువ్వెన నిండా జుట్టు రావచ్చు. అప్పటికే విశ్రాంతి దశలో ఉండి, మరి కొన్ని వారాలకు ఎలాగూ ఊడిపోవాల్సిన వెంట్రుకలను మందు ముందుగానే తోసేసి, కుదురును కొత్త పెరుగుదలకు మళ్లిస్తుంది. రాలిన వెంట్రుక వేరు వైపు కొసను వెలుగులో చూస్తే చిన్న తెల్లటి బుడిపె కనబడుతుంది, విశ్రాంతి దశ ముగిసిన వెంట్రుకకు అది గుర్తు. కుదురు ఊడొచ్చిందని భయపడక్కర్లేదు. ఈ దశలో ఆపేయడం అన్నిటికన్నా నష్టం. ఉన్నది పోతుంది, రావాల్సింది రాదు. పెళ్లో, ఇంటర్వ్యూనో దగ్గర్లో ఉంటే అది అయ్యాకే మొదలుపెట్టండి. మూడు నెలలు దాటినా అదే జోరున రాలుతుంటే మాత్రం మందు మీదకు నెట్టేయకుండా రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్, థైరాయిడ్ ముందు చూడాల్సినవి.

ఫలితాన్ని రోజూ అద్దంలో వెతికితే ఏమీ తెలియదు. నెలకోసారి, అదే బల్బు కింద, అదే దూరం నుంచి, పొడి జుట్టుతో, పాపిట అదే చోట తీసి ఫోటో తీయాలి. తడి జుట్టు ఎప్పుడూ పల్చగానే కనిపిస్తుంది. నాలుగు నెలలకు ముందు ఏ తీర్పూ చెప్పలేం, పూర్తి తీర్పుకు ఏడాది కావాలి. నడినెత్తిన ఫలితం బాగుంటుంది. కణతల దగ్గర వెనక్కి పోయిన జుట్టు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. చర్మం నున్నగా మెరుస్తూ, నూగు కూడా లేని చోట ఈ మందు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

రంగు వేసుకునే రోజు మందు మానేసి మర్నాడు రాసుకోవాలి. నెత్తి మీద దొర్లించే సన్నటి సూదుల చక్రం, అదే డెర్మారోలర్, వాడేవాళ్లు సూదులు దిగిన చర్మం మీద వెంటనే రాయకూడదు, కనీసం ఒక రోజు ఆగాలి. లేకపోతే మందు అతిగా రక్తంలోకి వెళ్తుంది. మామూలుగా దెబ్బతినని నెత్తి నుంచి ఒంట్లోకి వెళ్లేది సగటున 1.4 శాతమే, కానీ గీరుకుపోయిన, ఎర్రబడిన చర్మానికి ఆ లెక్క చెల్లదు. గుండెదడ, కళ్లు తిరగడం, కాళ్లూ చేతులూ వాయడం, ఉన్నట్టుండి బరువు పెరగడం, ఛాతీలో నొప్పి వీటిలో ఏది కనిపించినా మందు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లు నిండనివాళ్లు వాడకూడదు.

అక్కడక్కడా గుండ్రంగా జుట్టు ఊడటం, జ్వరం లేదా కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలడం, నెత్తిన నొప్పితో మచ్చలు పడటం, ఇవేవీ వంశపారంపర్య బట్టతల కాదు. వీటికి సొంతంగా సీసా కొనేయకుండా ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. కాన్పు తర్వాత రాలేది చాలావరకు కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ఇంట్లో పిల్లి ఉంటే ఈ మందు విషయంలో చాలా కఠినంగా ఉండాలి. కొద్దిపాటి మందు నాకినా పిల్లి ప్రాణానికే ప్రమాదం. కారిన చుక్క, తుడిచిన గుడ్డ, దిండు గలీబు ఏదీ దానికి అందకూడదు. చంటిపిల్లల్ని తల మీద, భుజం మీద వేసుకునేవాళ్లు కూడా మందు రాసిన చోటు పిల్లల చర్మానికి, నోటికి తగలకుండా చూసుకోవాలి. అలా తగిలి పసిపిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు పెరిగిన సందర్భాలు నమోదయ్యాయి.

ఆపేస్తే మూడు నాలుగు నెలల్లో మందుతో వచ్చిన జుట్టు రాలిపోతుంది, మందే లేకపోతే ఈపాటికి ఎలా ఉండేదో అక్కడికి చేరుతుంది. ఆపినందుకు అదనంగా పోయేదేమీ లేదు. కొద్ది రోజులు కుదరకపోతే కంగారు పడక్కర్లేదు, మళ్లీ మామూలు మోతాదుతో మొదలుపెడితే చాలు. నెలలు గడిచాక మొదలుపెడితే మాత్రం మొదటి రాలుడు మళ్లీ రావచ్చు. రోజుకు రెండు పూటలా రాసుకోవడం వల్ల కాదనిపించి ఆపాలనుకునేవాళ్లు, ఆపే ముందు ఒకసారి చర్మవైద్యుడిని తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్ర గురించి అడగండి. అది రక్తపోటు చూసి, గుండె సంగతి కనుక్కుని రాయాల్సిన మందు, సొంతంగా కొని మింగేది కాదు.