అర్మేనియాలో వ్యాను టూరు ఎక్కకండి

తలకు 9,000 డ్రామ్‌లు, డ్రామ్ అంటే అర్మేనియా డబ్బు. అప్పట్లో రూపాయికి నాలుగున్నర డ్రామ్‌ల లెక్కన మన రెండు వేలు. రాజధాని ఎరెవాన్‌లో రిపబ్లిక్ స్క్వేర్ దగ్గర కరపత్రాలు పంచి అమ్మే ‘ఖోర్ విరాప్, గార్ని, గెగార్డ్ ఒకే రోజులో’ టూరుకి మేము పోసింది అది. మొదటిదీ చివరిదీ మఠాలు, గార్ని పాత గుడి. దక్కింది చూడండి: ఖోర్ విరాప్‌లో 35 నిమిషాలు, గార్నిలో 40, గెగార్డ్‌లో అరగంట, మధ్యలో వైను దుకాణంలో గంటా పది నిమిషాలు. గార్ని టికెట్టు 1,500 మళ్లీ మన చేతిదే. గైడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పి తిప్పి చెప్పిన చరిత్ర ఒక్కటే: క్రీ.శ. 301లో క్రైస్తవాన్ని రాజమతం చేసుకున్న మొదటి దేశం మాది అని. సంప్రదాయం చెప్పే సంవత్సరం అదే, కాదనం. కానీ రోము, పర్షియా, టర్కీ, జార్జియా, రష్యాల పేరెత్తకుండా అర్మేనియా కథ చెప్పడమంటే దాయాదుల ఊసు లేకుండా భారతం చెప్పడమే. మర్నాటి నుంచి సొంతంగా తిరిగాం. డబ్బు కొంచెం ఎక్కువైంది, కానీ దేశం కనిపించింది.

ముందు గార్ని. గాయ్ వీధి చివర నుంచి బస్సులు, మినీబస్సులు దొరుకుతాయి, గంటలోపే ప్రయాణం. మినీబస్సును అక్కడ మార్ష్‌రుట్కా అంటారు, చిల్లర చేతిలో ఉంచుకోండి. గార్ని నుంచి గెగార్డ్‌కి బస్సు నమ్ముకోవద్దు. గుడి గేటు దగ్గరి టాక్సీవాళ్లు రానుపోను, ఆగడంతో కలిపి 5,000 అడిగారు, 4,000కి దిగారు.

గార్ని గుడి చూడగానే ఇది గ్రీసులో ఉండాల్సింది కదా అనిపిస్తుంది. 24 స్తంభాలు, బూడిదరంగు బసాల్ట్ రాయి. ఒకటో శతాబ్దంలో అర్మేనియా కోసం రోముకీ పార్థియాకీ (అప్పటి పర్షియా సామ్రాజ్యం) జరిగిన పోరు చివరికి ఒక రాజీతో తెగింది: రాజు పార్థియా వంశంవాడు, కిరీటం పెట్టేది రోము చక్రవర్తి. అలా క్రీ.శ. 66లో అర్మేనియా రాజు మొదటి త్రిదాత్ రోము దాకా వెళ్లి నీరో చేతుల మీదుగా కిరీటం పెట్టించుకొచ్చాడు. ఈ గుడి కట్టించింది ఆయనేనని ఎక్కువమంది చెబుతారు. 1679 భూకంపంలో కూలింది, 1969-75 మధ్య మళ్లీ నిలబెట్టారు. దగ్గరికెళ్లి రాళ్లు చూడండి. పూలూ ఆకులూ చెక్కినవి పాతవి, ఏ చెక్కడం లేకుండా నున్నగా ఉన్నవి కొత్తగా అతికినవి. దొంగతనంగా కలిపేయకుండా తేడా తెలిసేలా వదిలేసిన ఆ పద్ధతి మాకు బాగా నచ్చింది.

వ్యానువాళ్లు గుడి ముందు ఫొటో తీయించి వెనక్కి తిప్పేస్తారు. పక్కనే పైకప్పు వేసి కాపాడుతున్న పాత స్నానశాల ఉంది, దాని దాకా నడవండి. నేల మీద సముద్ర దేవతలు, చేపలతో రంగురాళ్ల ముగ్గులాంటి మొజాయిక్, మధ్యలో గ్రీకు అక్షరాలు. వాటి అర్థం దాదాపుగా ‘పనిచేశాం, ఏమీ పుచ్చుకోలేదు’ అని. కూలీ ఎగ్గొట్టారన్న మొరా, ఊరికే చేసిపెట్టామన్న గొప్పా అన్నది పండితుల తగువు. ముందురోజు 9,000 పోగొట్టుకున్న మాకు మాత్రం మొరలాగే వినిపించింది.

ఖోర్ విరాప్‌కి పొద్దున్నే వెళ్లాలి. పది దాటితే ఎండకి మసక కమ్మి అరారత్ పర్వతం చాలాసార్లు కనబడదు. వెళ్లడానికి యాప్‌లో టాక్సీ దొరుకుతుంది. తిప్పలన్నీ తిరిగొచ్చేటప్పుడే, అక్కడ బండి దొరకదు. గంటన్నర ఆగి వెనక్కి తెచ్చేలా ముందే మాట్లాడుకోండి. మాకు 13,000కి కుదిరింది, నలుగురికి తలా 3,250. దేశాన్ని క్రైస్తవంలోకి తిప్పిన సెయింట్ గ్రెగరీని 13 ఏళ్లు బంధించారని చెప్పే గొయ్యి చిన్న చాపెల్‌లో వేదిక పక్కన ఉంది. దాదాపు 6 మీటర్ల లోతు, ఇంచుమించు నిట్టనిలువు ఇనుప నిచ్చెన. ఒకరు పైకి వచ్చాకే ఇంకొకరు దిగాలి. చీరతో, భుజాన సంచితో దిగే పని కాదు. పైజేబులోని ఫోను తీసి ఎవరికైనా ఇచ్చి దిగండి. లోపల గాలి తక్కువ, జనం పదిమంది చేరితే ఉక్కపోత. మాతో వచ్చిన పెద్దాయన మోకాళ్లు చూసుకుని పైనే కూర్చున్నారు. కోపంగానే కూర్చున్నారు గానీ కొండను తీరిగ్గా చూసిందీ ఆయనే.

ఆ కొండ 5,137 మీటర్లు. అర్మేనియా రాజముద్ర మీద ఉంది, ఉన్నది మాత్రం టర్కీలో. మధ్యలో అరాక్స్ నది. 1921లో మాస్కో, కార్స్ ఒప్పందాలతో ఖాయమైన గీత అది. 1993 నుంచి ఆ సరిహద్దు మూతపడి ఉంది, అజర్‌బైజాన్ వైపూ దారి లేదు. మామూలు ప్రయాణికుడికి రోడ్డు దారులు రెండే: ఉత్తరాన జార్జియా, దక్షిణాన ఇరాన్.

ఎరెవాన్ ఊళ్లోకి వస్తే, మాష్టోట్స్ వీధిలోని నీలి మసీదుని ఈ వ్యాను టూర్లు చూపించవు. లోపలికి డబ్బులేం లేవు. 1760లలో, ఈ ఊరు పర్షియా కింద ఖానేటుగా, అంటే ఒక ఖాన్ ఏలే సంస్థానంగా, ఉన్నప్పుడు కట్టింది. 1827లో రష్యా సేనలు ఊరు పట్టుకున్నాయి, మరుసటేడు తుర్క్‌మెన్‌చాయ్ సంధితో ఈ ప్రాంతమంతా రష్యా చక్రవర్తి జారు చేతికి పోయింది. సోవియట్ కాలంలో మసీదుని మ్యూజియం చేశారు, 1990లలో ఇరాన్ డబ్బుతో బాగుచేశారు. ఇక్కడి చెట్ల నీడన కూర్చుంటే మన వైపు కథ కూడా గుర్తొస్తుంది. ఒట్టొమన్లతో (టర్కీ సుల్తాన్లతో) యుద్ధంలో పర్షియా రాజు షా అబ్బాస్ 1604-05లో అరాక్స్ ఒడ్డునున్న జుల్ఫా ఊరిని ఖాళీ చేయించి, ఆ అర్మేనియన్లను ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో పెట్టాడు. పట్టు వ్యాపారంలో ఆరితేరిన ఆ కుటుంబాలవాళ్లే మచిలీపట్నం, సూరత్, మద్రాసు దాకా వచ్చారు. హైదరాబాద్ ఉప్పుగూడలో అర్మేనియన్ల పాత సమాధులు ఉన్నాయి. ప్రపంచంలో మొదటి అర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ వెలువడింది ఎరెవాన్‌లో కాదు, 1794లో మద్రాసులో.

మాతెనదరాన్ చేతిరాత గ్రంథాల భాండాగారం. ఆది, సోమ సెలవు. ఈ సంగతి చూసుకోక ఒకరోజు తలుపు ముందు నిలబడి వచ్చాం. తప్పక చూడాల్సింది ముష్ ఊరి ధర్మోపదేశాల గ్రంథం, బరువు 28 కిలోలు. 1915లో ఒట్టొమన్ టర్కీలో అర్మేనియన్లపై జరిగిన ఊచకోత నుంచి పారిపోతున్న ఇద్దరు ఆడవాళ్లకు అది కూలిన మఠంలో దొరికింది. ఒక్కరు మోయలేక రెండు సగాలు చేశారు. ఒకామె తన సగాన్ని అర్మేనియా చర్చి పీఠమైన ఎచ్మియాడ్జిన్ చేర్చింది. రెండో సగాన్ని టర్కీలోని ఎర్జురుమ్‌లో పాతిపెట్టారు, తర్వాత అదీ బయటపడి మొదటిదాన్ని చేరింది.

ఆ కథ విన్నాకే ఊచకోత మృతుల త్సిత్సెర్నకబెర్డ్ స్మారకానికి వెళ్లండి. 1967లో కట్టారు. 44 మీటర్ల స్తంభం, ఆరని మంట మీదికి ఒరిగిన 12 రాతి పలకలు. మ్యూజియం ఉచితం, సోమవారం మూత. రెండున్నర గంటలు పడుతుంది. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు, పిల్లల్ని లోపలి గదుల్లోకి తీసుకెళ్లొద్దు.

తిండి దగ్గర శాకాహారులు భయపడతారు గానీ అక్కర్లేదు. ‘పసుత్స్’ అన్న మాట నేర్చుకోండి, ఉపవాస భోజనం అని అర్థం: మాంసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. పసుత్స్ తోల్మా అంటే పప్పులు, గోధుమ రవ్వ కూరిన క్యాబేజీ ఆకుల చుట్టలు. మజ్జిగని ‘తాన్’ అంటారు, పెరుగు ‘మాత్సూన్’, పెరుగులో గోధుమలు వేసి కాచే వేడి పులుసు ‘స్పాస్’. అన్నిటికన్నా మాకు ప్రాణం లేచొచ్చింది జెంగ్యాలోవ్ హాట్స్ తిన్నప్పుడు. పదీ పదిహేను రకాల ఆకుకూరలు సన్నగా తరిగి, పల్చని పిండిలో కూరి, అంచులు నొక్కి మూసి, వెడల్పాటి పెనం మీద నూనె లేకుండా కాలుస్తారు. ఒకటి 1,200, ఇద్దరికి సరిపోతుంది. అది నగోర్నో-కరాబాఖ్ వంట. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ దాన్ని పట్టుకున్నాక లక్షకు పైగా అర్మేనియన్లు ఆ ప్రాంతం వదిలి వచ్చేశారు. మాకు కాల్చిపెట్టిన ఆవిడా అలా వచ్చినావిడే. కాఫీని మాత్రం ‘టర్కిష్’ అని అడగకండి, ‘సూర్చ్’ అనండి.

వీసా 21 రోజులకు 3,000 డ్రామ్‌లు, ఆన్‌లైన్‌లో వస్తుంది. ఒక్కసారి ప్రవేశానికే చెల్లుతుంది కాబట్టి జార్జియా వెళ్లి తిరిగి ఎరెవాన్‌లో విమానం ఎక్కుదామనుకుంటే ఇరుక్కుంటారు. తిరుగు టికెట్టు జార్జియా రాజధాని టిబిలిసీ నుంచే తీసుకోండి. జార్జియా వీసా ముందే చూసుకోండి, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్టు, ఇన్సూరెన్స్ కాగితాలు అచ్చు వేయించి పెట్టుకోండి. ఎరెవాన్ నుంచి టిబిలిసీకి మినీబస్సులో ఐదారు గంటలు.

టిబిలిసీలో పాత అర్మేనియన్ పేట అవ్లబారి. నది ఇవతల, స్నానాల వీధికి దగ్గర్లోని సెయింట్ జార్జ్ చర్చి దగ్గర సాయత్ నోవా సమాధి ఉంది. అర్మేనియన్, జార్జియన్, అజెరీ మూడు భాషల్లోనూ పాటలు కట్టినవాడు. 1795లో పర్షియా దండు ఊరి మీద పడ్డప్పుడు చనిపోయాడు. పది నిమిషాల పని, వదలొద్దు. బస మాత్రం పాత అపార్ట్‌మెంట్లలో తీసుకునేటట్టయితే లిఫ్టు సంగతి అడగండి. చాలా చోట్ల చిల్లర వేస్తేనే కదులుతుంది. మేము దిగింది ఆరో అంతస్తు, జేబులో అన్నీ నోట్లే. ఖోర్ విరాప్ నిచ్చెన తప్పించుకున్న పెద్దాయన ఆ మెట్లు తప్పించుకోలేకపోయారు.