చెరువు పురుగులకి టీజీ-6: లెన్స్ నీళ్లలోకి వెళ్లడమే అసలు సంగతి

నీళ్లలో ముంచినా పనిచేసే ఒలింపస్ టీజీ-6 కెమెరా వచ్చింది 2019లో, దాని మెగాపిక్సెళ్లూ జూమూ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. చాలాకాలంగా వాడుతున్నాను, నేను దీన్ని వదల్లేకపోవడానికి కారణం ఒక్కటే. మైక్రోస్కోప్ మోడ్‌లో పెడితే లెన్స్‌కి ఒక్క సెంటీమీటర్ దూరంలో ఉన్న పురుగు మీద కూడా ఫోకస్ కుదురుతుంది, అదీ కెమెరా నీళ్లలో మునిగి ఉండగానే! వలతో పట్టి గాజు డబ్బాలో వేసి తీస్తే గాజు మీది గీతలు, మన చొక్కా నీడ అన్నీ ఫొటోలోకి వచ్చేస్తాయి, తూనీగ లార్వా బెదిరిపోయి మూలన నక్కుతుంది.

హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, అక్కణ్ణుంచి ఏ ప్రాణినీ పట్టి తేవడం నాకిష్టం లేదు. ఈ కెమెరాతో ఆ అవసరమే లేదు. గట్టున కూర్చుని మోచేతి దాకా చెయ్యి ముంచి నాచు పక్కన కదలకుండా పట్టుకుంటే చాలు. సన్నరకం తూనీగల లార్వాకి తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలుంటాయి, వాటిలో పాకిన గాలిగొట్టాల గీతలు కూడా తెలిశాయి. కాకపోతే స్క్రీన్ తిప్పడానికి రాదు, మెడ బాగా వంచాలి. పోనీ ఫోన్‌లో చూద్దామంటే కెమెరా మునగ్గానే వైఫై పోతుంది.

మా మేడ మీద తామర తొట్టిలో జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. వానలు మొదలయ్యాక లైటుకి ఎగిరొచ్చిందో ఏమో, ఒక మగ నీటిపురుగు అందులో చేరింది, వీపు నిండా గుడ్లు. ఈ రకంలో ఆడది మగదాని వీపు మీద గుడ్లు అంటించి వెళ్లిపోతుంది, పిల్లలయ్యేదాకా మోసేది తండ్రే. గుడ్లకి గాలి తగలాలని నీటి పైభాగానికి వచ్చి ఒళ్లు పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటుంది. ఫోకస్ స్టాకింగ్ పెడితే, అంటే వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసి వరసగా తీసిన ఫొటోల్ని కెమెరాయే ఒకటిగా కలిపే పద్ధతి, ఆ కదలికకి గుడ్లన్నీ రెండేసిగా వచ్చాయి. అప్పుడు ప్రో క్యాప్చర్‌కి మార్చాను, షట్టర్ పూర్తిగా నొక్కడానికి అర సెకను ముందు నుంచే ఫొటోలు దాస్తుంది అది. గుడ్డు మూత తెరుచుకుని పాలిపోయిన పిల్ల సగం బయటికొచ్చిన ఫొటో అలాగే దొరికింది, ఒళ్లు అద్దంలా, కళ్లు మాత్రం ముదురు రంగు. నేను నొక్కేసరికి అది పూర్తిగా బయటపడి ఈదేస్తోంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఇంట్లో అందర్నీ పైకి పిలిచి చూపించాను.

స్టాకింగ్ అద్భుతమని ఇదివరకు అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే నత్త గుడ్లు, తూనీగ విడిచిపోయిన పొరలు, ఇలా కదలని వాటికి అద్భుతం అంటాను. వెలుతురు సంగతీ అంతే, సెంటీమీటర్ దూరంలో లెన్స్ నీడ పురుగు మీదే పడుతుంది, పక్కనుంచి చిన్న ఎల్ఈడీ టార్చ్ పట్టకపోతే కష్టం. సాయంత్రం మబ్బులో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెరిగి ఫొటో గరుకుగా వస్తుంది, సెన్సర్ చిన్నది కదా.

నేను తీసేది స్కూలు పిల్లలకి చూపించడానికి, ఫోన్‌లో పెట్టుకోవడానికి. వాటికి ఇది చాలు. పెద్ద ప్రింట్లు వేయించేవాళ్లు, చేతిలో ఇప్పటికే మ్యాక్రో లెన్స్ ఉన్నవాళ్లు తొందరపడక్కర్లేదు. 2023లో టీజీ-7 వచ్చింది, నేను దాన్ని వాడలేదు. పాత టీజీ-6 మంచి ధరకి దొరికితే మాత్రం, డబ్బు ఇచ్చేముందు బ్యాటరీ తలుపు లోపలి రబ్బరు సీలు మీద ఇసుక రేణువో పగులో ఉందేమో వెలుతురులో పట్టి చూడండి.