మహిళా డైరెక్టరుగా ఇంటి మనిషా, బయటి నిపుణురాలా?

చీమకుర్తి గ్రానైటు, నెల్లూరు రొయ్యల వ్యాపారాలు పబ్లిక్ కంపెనీలుగా ఎదిగి, చెల్లించిన మూలధనం 100 కోట్లకో టర్నోవరు 300 కోట్లకో చేరినా, లేదా స్టాక్ మార్కెట్లో లిస్టయినా, 2013 కంపెనీల చట్టం ప్రకారం బోర్డులో మహిళా డైరెక్టరు తప్పనిసరి. ఆ స్థానంలో కుటుంబ స్త్రీని కూర్చోబెట్టాలా, బయటి నిపుణురాలిని పిలవాలా?

ఖర్చు: ఇంటి మనిషికి తక్కువే. బయటి ఆమెకు సమావేశానికి లక్ష రూపాయలకు మించని సిట్టింగ్ ఫీజు ఉంటుంది.

శ్రమ: కోడలికి సరుకు, బాకీలు, కొనుగోలుదారులు తెలుసు. బయటి ఆమెకు అవన్నీ వివరించాలి.

ముప్పు: అసలు తేడా ఇక్కడే ఉంది. బంధువుల సంస్థకు డబ్బు మళ్లినా, లెక్కల్లో నిల్వలు పెంచి చూపినా, మామగారిని బోర్డులో నిలదీయడం కోడలికి ఎంత కష్టమో మన ఇళ్ల సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అయినా సంతకం చేశాక చట్టపరమైన బాధ్యత ఆమె మీదా పడుతుంది. ఇతర బోర్డుల్లో, బ్యాంకుల్లో, ఆడిటర్లలో పరిచయాలున్న స్వతంత్ర డైరెక్టరు, అంటే యజమాని కుటుంబంతో బంధుత్వం, ఆర్థిక సంబంధం లేని బయటి నిపుణురాలు, ఇలాంటి అక్రమాల ఆనవాళ్లను త్వరగా గుర్తించి ప్రశ్నించగలదు. ఆ పరిచయాలన్నీ యజమాని వర్గంలోనివే అయితే మాత్రం ఆమె స్వతంత్రత కాగితానికే పరిమితమవుతుంది.

ఎవరికి ఏది: లిస్టు కాని, అప్పులు తక్కువగా ఉన్న కంపెనీని కుటుంబ స్త్రీయే నిజంగా నడుపుతుంటే ఆమే సరైన ఎంపిక. బయటి వాటాదారుల సొమ్ము, పెద్ద రుణాలు ఉన్నచోట స్వతంత్ర డైరెక్టరే కావాలి. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు 2020 ఏప్రిల్ నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన కూడా అదే.