మ్యూజిక్ కాలేజీ ఈవెంట్స్ జాబ్‌కి ఈ ఆన్‌లైన్ కోర్సు పనికొస్తుందా?

మ్యూజిక్ కాలేజీలో ఈవెంట్స్ అడ్మిన్‌గా కెరీర్ మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం పెట్టిన కోర్సు ఇది, మొత్తం పూర్తి చేశాను, నాకైతే బాగా నచ్చింది. థియరీ తక్కువ, పని ఎక్కువ.

కచేరీ రోజు షెడ్యూల్ రాయించే మాడ్యూల్ మాత్రం అదిరిపోయింది. వెనక నుంచి లెక్క వేయిస్తారు, తలుపులు తెరిచే టైమ్, దానికి ముందు సౌండ్ చెక్, దానికి ముందు రిహార్సల్, ఇంకా ముందు పియానో ట్యూనింగ్. పియానోని స్టేజ్ మీద దాని చోట పెట్టాకే ట్యూనర్‌ని పిలవాలి, ఆయన పనిచేస్తున్నంతసేపు హాల్లో ఎవరూ కుర్చీలు లాక్కూడదు, మైకులు టెస్ట్ చేయకూడదు, అది చెవితో వింటూ చేసే పని కదా. మామూలుగా A అనే స్వరం 440 హెర్ట్జ్‌లో పలికేలా ట్యూన్ చేస్తారు, కానీ కొన్ని ఆర్కెస్ట్రాలు 442 అడుగుతాయి, అది ముందే కనుక్కుని చెప్పాల్సింది మనమే. ఇలాంటివి ఇంకెక్కడ చెప్తారండి!

స్టేజ్ ప్లాన్ గీయడం కూడా బాగా నేర్పారు, చెల్లో (కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) వాయించేవాళ్లకి చేతులు లేని కుర్చీ వేయాలి లాంటి చిన్న చిన్న విషయాలతో సహా. బడ్జెట్ పాఠం ఓకే.

లైసెన్సుల దగ్గర మాత్రం నిరాశే. పాత కంపోజర్ అయినా కొత్త అరేంజ్‌మెంట్‌కి, అంటే ఆ సంగీతాన్నే వేరేవాళ్లు మార్చి రాసినదానికి, వేరే హక్కులు ఉండొచ్చు, కచేరీ రికార్డ్ చేసి నెట్‌లో పెట్టాలంటే మళ్లీ వేరే పర్మిషన్లు కావాలి, జాబ్‌లో చేరిన మొదటి రోజు నుంచే ఇవి ఎదురవుతాయి, అలాంటిది గబగబా చెప్పేసి వదిలేశారు.

స్టూడెంట్ కచేరీలకి వాలంటీర్‌గా చేసినవాళ్లకి ఇంకా బాగా ఎక్కుతుంది. నా వైపు నుంచి నాలుగు స్టార్లు.